బాతా? కోడా? బ్రాండా?

పందొమ్మిదేళ్ల పాటు నాకొక సందేహం ఉండేది. మా దుకాణం ముందు కట్టే బొమ్మల గుడ్డ మీద, జెల్ల చేపకూ రొయ్యకూ నడుమ నిలబడిన ఆ పక్షి బాతా, కోడా?

తల మీద ఎర్రటి తురాయి ఉంది. అది చూస్తే కోడి. కాలివేళ్ల మధ్య పొర ఉంది. అది చూస్తే బాతు. ముక్కు దగ్గరికి వచ్చేసరికి రెండూ కాదు, చిలక! ఆ గుడ్డ గీసిన తర్ముజి మా సొంతూరు లమోంగాన్ వాడే. ఒకసారి ఊరెళ్లినప్పుడు ధైర్యం చేసి అడిగేశాను. అతను కుంచె కడుక్కుంటూ తలెత్తకుండానే జవాబిచ్చాడు.

"ఆ పూట నీ దగ్గర ఏది ఎక్కువుంటే అది."

ఇదేం జవాబు? నమాజుకు నిలబడ్డా ఆ పక్షే కళ్ల ముందుకు వచ్చేది. దేవుడు క్షమించాలి. ఈ నాలుగు నెలలూ ఆ బాధ లేదు. ఎందుకంటే మా గుడ్డ మీద పక్షే లేదు. చేప లేదు, రొయ్య లేదు, అసలు గీతే లేదు! ఇదంతా బ్రాండ్ చలవ.

అందుకే అంటున్నాను పాఠకులారా, ప్రతి ఇంట్లోనూ బ్రాండ్ తయారుచేసుకునే పిల్ల ఒకతి ఉండి తీరాలి. దీన్ని మించిన భాగ్యం లేదు. నమ్మరా? వినండి.

నా పేరు కస్నావి. యోగ్యకర్త పట్నంలో సాయంత్రం పూట రోడ్డు పక్కన డేరా వేసి జెల్ల చేపలు వేయించి, అన్నంతో, సాంబల్ అనే మిరప పచ్చడితో పెడతాను. మా ఊరివాళ్లు ఏ పట్నంలో డేరా వేసినా ముందు బొమ్మల గుడ్డ కడతారు. వెనక దీపం వెలిగించగానే ఆకుపచ్చ చేపలు, నీలం రొయ్యలు భగ్గుమంటాయి. తినేవాళ్లు గుడ్డ వెనక కూర్చుంటారు. రోడ్డు మీదికి వాళ్ల కాళ్లు మాత్రమే కనిపిస్తాయి. అంటే పైన చేపలు, కింద చెప్పులు. ఆకలైనవాడికి అంతకంటే ఏం చెప్పాలి?

ఈ వానాకాలం మొదట్లో గాలివాన వచ్చి ఆ గుడ్డను నిలువునా చీల్చేసింది. కొత్తది గీయమని తర్ముజికి ఫోన్ చేయబోతుంటే మా అమ్మాయి జుల్ఫా నా చేయి పట్టుకుంది. జుల్ఫా ఇక్కడి ఆర్ట్ కాలేజీలో బొమ్మల చదువు చదువుతోంది, మూడో ఏడు.

"తర్ముజి తాతకి చెప్పకు బాపా. ఈసారి గుడ్డ నేను గీస్తా. నా కాలేజీ ప్రాజెక్టూ అదే అవుతుంది."

మాకు కావలసిందీ అదే. ఆ పిల్ల పెన్సిలు పట్టుకున్న రోజు నుంచీ మా ఇంట్లో ఏ కాగితమూ ఖాళీగా ఉండి ఎరగదు. అన్నం పొట్లం కట్టే కాగితాల మీద కూడా గీసేది. ఆ అలవాటు వల్లే నేనొక అప్పులో కూడా పడ్డాను. పిల్లకు ఎనిమిదేళ్లప్పుడు, మధ్యాహ్నమంతా బల్ల కింద బోర్లా పడుకుని పొట్లం కాగితం మీద ఒక జెల్ల చేప గీసింది. మీసాలు లెక్కపెట్టి మరీ గీసింది. నేను హడావిడిలో చూసుకోకుండా అందులోనే ఎవరికో అన్నం కట్టి ఇచ్చేశాను. ఇల్లు ఎగిరిపోయేలా ఏడ్చింది. "నీకొక చేప బాకీ తల్లీ, తీర్చేస్తాను" అని ఒప్పుకున్నాక గానీ ఊరుకోలేదు.

అప్పటి నుంచి ప్రతి రంజాన్ పండగ ఉదయం నా మోకాళ్ల మీద తల ఆనించి, ఏడాది పొడుగునా చేసిన తప్పులు క్షమించమని అడుగుతుంది. అడిగి, తల ఎత్తకుండానే గుర్తుచేస్తుంది: "నీ చేప ఇంకా రాలేదు బాపా." పన్నెండు పండగలు అలాగే గడిచాయి.

సరే, గుడ్డ సంగతికి వద్దాం. తెల్లటి గుడ్డ కొన్నాం, రంగులు కొన్నాం. ఇక గీయడమే తరువాయి అనుకున్నాం. ఎంత తెలివితక్కువ వాళ్లం! గీయడానికి ముందు బ్రాండ్ ఉండాలట. బ్రాండ్‌కు ఒక పేరు, ఒక గొంతు, మూడు రంగులు, ఒక లోగో ఉండాలట. ఇవన్నీ దొరకాలంటే "నేనెవరు?" అని లోపలికి చూసుకుంటూ రోజూ ఒక పుస్తకంలో రాసుకోవాలట. కాలేజీలో అలా చెప్పారు.

మొదటి నెల పేరుకే సరిపోయింది. "సెలా." మా భాషలో రెండు వస్తువుల మధ్య ఉండే ఖాళీని అలా అంటాం. ఆ ఖాళీ కంటికి అలవాటు పడాలని తెల్లగుడ్డను అలాగే డేరాకు కట్టించింది.

రెండో నెల రంగులు. తడిమట్టి రంగు, నాచు రంగు, బియ్యం కడుగు రంగు. ఈ మూడే. బ్రాండ్ అంటే ఇల్లంతా ఒకే తీరుగా ఉండాలి కాబట్టి మా గులాబీ రంగు బకెట్ పెరట్లోకి వెళ్లిపోయింది. నా ఊదా గళ్ల లుంగీ దాని వెనకే వెళ్లింది. ఒకరోజు వాళ్లమ్మ రుకాయా రోట్లో నూరుతున్న సాంబల్ వంక చూసి, ఆ ఎరుపు మరీ గోలగా ఉందని పిల్ల నిట్టూర్చింది.

"నోట్లో పెట్టుకుని చూడు, అసలు గోల అప్పుడు తెలుస్తుంది" అంది రుకాయా, నూరడం ఆపకుండా.

మూడో నెల గొంతు. మా బ్రాండ్ గొంతు మెత్తగా, నిజాయితీగా, కాస్త దిగులుగా ఉండాలని తేలింది. పాతికేళ్లుగా నేను "రండి రండి, వేడి వేడి చేప!" అని అరిచేవాణ్ణి. అది మానేశాను. ఇప్పుడు దారిన పోయేవాళ్లను చూసి, "చేప ఉంది... వస్తే రండి..." అంటున్నాను. ఒకాయన ఆగి, నా భుజం తట్టి, దేవుడి మీద భారం వెయ్యమని చెప్పి వెళ్లిపోయాడు. చేప మాత్రం తినలేదు. గొంతులో నిజాయితీ ఉంటే మనుషులు ఎంత దగ్గరవుతారో చూశారా!

నాలుగో నెల లోగో. రెండు వందల వలయాలు గీసి, కొట్టేసి, చివరికి ఒక చుక్క దగ్గర ఆగింది. మామూలు చుక్క కాదు. కాస్త ఎడమకు వాలిన చుక్క. ఎందుకు వాలిందో పదకొండు పేజీలు రాసింది.

ఆ పుస్తకం ఒకసారి తెరిచి చూశాను. తప్పే, ఒప్పుకుంటాను. ఒక పేజీలో ఇలా ఉంది: "ఈ రోజు నేను ఏమి గీయగలనో ఆలోచించాను. నిన్న ఆలోచించినదాని గురించి కూడా ఆలోచించాను." నా చదువు తొమ్మిదో తరగతితో ఆగింది కాబట్టి ఇందులో లోతు నాకు అందదు. నాకు తెలిసిందల్లా ఒకటే. కాగిన నూనె ముందు నిలబడి నేను ఇలా ఆలోచిస్తే డేరా అంటుకుంటుంది.

ఈలోగా తెల్లగుడ్డ తన పని తాను చేసుకుపోతోంది. అది చేసిన మేలు ఎంతని చెప్పను?

ఒక సాయంత్రం ఒక లావాటి పెద్దమనిషి నేరుగా లోపలికొచ్చి కూర్చుని చొక్కా చేయి మడిచాడు. అందరికీ చెప్పినట్టే, ముందు చేతులు కడుక్కోమని నిమ్మచెక్క వేసిన నీళ్ల గిన్నె ముందు పెట్టాను. భక్తిగా కడుక్కున్నాడు. కడుక్కుని, మొహం అటు తిప్పుకుని, సూది మెల్లగా గుచ్చమని బతిమాలాడు. రక్తదాన శిబిరం అనుకున్నాడట! ఆ వారంలో అలాంటివాళ్లు నలుగురు వచ్చారు. మా వీధిలో ఇంత దానబుద్ధి ఉందని రంగుల గుడ్డ ఉన్నప్పుడు మాకు తెలిసిందా?

ఇంకో రోజు ఒకావిడ తల మీద కొంగు సర్దుకుని, గుడ్డ వంక దిగులుగా చూస్తూ లోపలికొచ్చి, ఎన్నాళ్లయిందని రుకాయాను అడిగింది. గుడ్డ గురించే అనుకుని రుకాయా, పోయి నాలుగు నెలలైందనీ, గాలివానే పొట్టన పెట్టుకుందనీ చెప్పింది. వయసెంత అంటే పందొమ్మిదేళ్లంది. ఆవిడ కళ్లనీళ్లు పెట్టుకుంది. అసలు సంగతి తెలిశాక, ఏడ్చిన నీరసానికి రెండు ప్లేట్లు తింది. ఆ రోజు మొత్తానికి ఆవిడొక్కతే బేరం.

ఇంతకుముందు రాత్రి ఇషా నమాజుకు అజాన్ వినిపించే వేళకు నేను నూనెలో మునిగి ఉండేవాణ్ణి. మసీదులో అందరితో కలిసి చేసే జమాతు అందేది కాదు. ఇప్పుడు రోజూ మసీదులో మొదటి వరసలో నేనే. ఇమాం గారు చాలా మెచ్చుకున్నారు. బ్రాండ్ పెట్టిన భిక్ష అని ఆయనకు చెప్పలేదు.

ఎదురుగా డేరా వేసే జుమైన్‌దీ మాదీ ఒకే ఊరు. వాడి గుడ్డ మీద దూడంత నీలం రొయ్య ఉంటుంది. వాడి డేరా కింద ఇప్పుడు చెప్పులు పట్టడం లేదు.

"ఏం కస్నావీ, మీ చేపలన్నీ ఈదుకుంటూ ఊరెళ్లిపోయాయా?" అని ఒకరోజు అరిచాడు.

నేను నా గొంతులోనే, మెత్తగా, నిజాయితీగా, కాస్త దిగులుగా చెప్పాను. మా బ్రాండ్ అందరి కోసం కాదు. ఇది జుల్ఫా నేర్పిన మాట. అక్షరాలా నిజం. ఎవరూ రావడం లేదు.

ఇన్ని మేళ్ల మధ్య ఒకే ఒక చిన్న ఇబ్బంది. సోమవారం జుల్ఫా కాలేజీలో అందరి ముందు తన ప్రాజెక్టు చూపించాలి. బ్రాండ్ గురించి అరవై పేజీలు తయారుగా ఉన్నాయి. చివర గీసిన గుడ్డ చూపించాలి. గుడ్డ మీద ఏమీ లేదు. అది లేకపోతే ఈ ఏడు పోయినట్టే.

శనివారం పొద్దున నేను వరండాలో చేపలు కడుగుతున్నాను. లోపల తల్లీకూతుళ్లు మాట్లాడుకుంటున్నారు. ఒక్క చేప గీసి పారేయక ఇంత ఎందుకని రుకాయా కసురుకుంది. తర్వాత జుల్ఫా గొంతు వినిపించింది.

"భయమేస్తోంది ఇబూ. ఇప్పుడు ఏం గీసినా అది నాలా ఉండాలి. నేను ఎలా ఉంటానో నాకే తెలీదు. కుంచె పట్టుకుంటే చెయ్యి కదలట్లేదు."

ఆ గొంతు మెత్తగా ఉంది. నిజాయితీగానే ఉంది. దిగులు మాత్రం కాస్త కాదు.

పాఠకులారా, నా చేతిలో చేప జారి బకెట్‌లో పడింది. దాని వంక చూస్తూ ఉండిపోయాను. మీసాలు ఎంత వింతగా పెట్టాడో చూడండి, దాన్ని చేసినవాడు. తల చదును, ఒళ్లు జారుడు, రంగు బురద. అటూ ఇటూ తిప్పి చూశాను. ఏ మూలా సంతకం లేదు. చేసేముందు ఆయన ఏ పుస్తకంలో రాసుకున్నాడో నాకు తెలియదు.

ఇరవై ఏళ్ల పిల్లను పట్టుకుని "నువ్వెవరు?" అని అడిగి, జవాబు చెప్పేదాకా గీయకూడదంటే ఎలా? నాకు యాభై నాలుగు. నన్ను అడిగినా చెప్పలేను. ఈ పిల్ల ఎనిమిదేళ్లప్పుడు బల్ల కింద పడుకుని గీసినప్పుడు, ఎవరు గీస్తున్నారని తనను తాను అడిగిందా? చేపకు మీసాలెన్ని అన్నదే అప్పుడు దాని బాధ.

ఇలా ఎక్కువ ఆలోచిస్తే నాకూ బ్రాండ్ వచ్చేలా ఉందని లేచి చేతులు కడుక్కున్నాను.

మధ్యాహ్నం నమాజు అయ్యాక పొట్లం కాగితం ఒకటి తీసుకున్నాను. చేపల లెక్క రాసే పెన్సిలు తీసుకున్నాను. జుల్ఫా గదిలో తెల్లగుడ్డ నేల మీద పరుచుకుని, దాని అంచున మోకాళ్ల మీద గడ్డం ఆనించి కూర్చుని ఉంది. నేను కొంచెం దూరంలో చతికిలబడి గీయడం మొదలుపెట్టాను. రోజుకు వంద చేపలు కోసిన చేయి ఇది. ఒక్క చేప గీయడానికి చెమటలు పట్టాయి. తోక దగ్గర కాగితం చిరిగింది. మీసాలు కిందికి దిగి కాళ్లలా అయ్యాయి.

పూర్తయ్యాక కాగితం తన ముందు పెట్టాను.

"ఇదిగో తల్లీ, నీ బాకీ."

జుల్ఫా కాగితం చేతిలోకి తీసుకుంది. ఇటు తిప్పింది. తలకిందులుగా పట్టుకుంది.

"బాపా, ఇది బాతా, కోడా?"

"సరిగ్గా చూడు. జెల్ల చేప."

"చేపకి కాళ్లెక్కడివి?"

"అవి మీసాలు."

"ఎన్నేళ్లుగా చేపలు కోస్తున్నావు నువ్వు?" అంది. అని పెన్సిలు నా చేతిలోంచి లాక్కుంది. మీసాలు ఎక్కడి నుంచి మొదలవుతాయో చూపించబోయి కాగితం చాలక గుడ్డ మీదికి వంగింది. ఒక మీసం గీసింది. మీసం ఉన్నాక మూతి ఉండాలి కదా? మూతి గీసింది. మూతికి తల, తలకు ఒళ్లు. ఎప్పుడు కుంచె తీసిందో నేను చూడలేదు. వాళ్లమ్మ సాంబల్ ఎరుపు ఒకటి ఎక్కడి నుంచో వచ్చి తోక మీద పడింది. బకెట్ గులాబీ రంగు రొయ్య ఎక్కింది. రుకాయా గుమ్మంలో నిలబడి చూసి, టీ పెట్టడానికి వెళ్లింది.

ఆదివారం పొద్దునకు చేప, రొయ్య, వాటి నడుమ ఒక పక్షి తయారయ్యాయి. పక్షి గురించి అడుగుదామని నోటిదాకా వచ్చింది. మింగేశాను. ఇంకో పందొమ్మిదేళ్లు ఆలోచించుకోవడానికి నాకూ ఏదో ఒకటి ఉండాలి.

మీరిప్పుడు నన్ను నిలదీస్తారు. ఇంతకీ బ్రాండ్ మంచిదా, చెడ్డదా? నేను మొదట చెప్పిన మాట మీదే ఉన్నాను. నాలుగు నెలల కష్టం ఊరికే పోలేదు. రెండు వందల వలయాల్లోంచి పుట్టిన ఆ చుక్క, కాస్త ఎడమకు వాలిన ఆ చుక్క, చివరికి ఎంత చక్కగా పనికొచ్చిందో మా డేరాకు వస్తే మీరే చూడవచ్చు. చేపకు కన్ను అదే.

సోమవారం గుడ్డ చుట్టుకుని కాలేజీకి బయలుదేరుతూ జుల్ఫా నా కాగితం నా చేతిలో పెట్టింది. వెనక్కి తిప్పి చూశాను. పెన్సిలుతో, ఏ రంగూ లేకుండా, మామూలు చేతిరాతతో ఉంది:

"జెల్ల చేప ఒకటి ముట్టింది. జుల్ఫా."