ఎడమ కాలి కట్టు

ఆ రోజు పొద్దున్నే లేచి అతను చేద్దామనుకున్నది ఒక్కటే పని. స్నానాల గది తలుపు గడియ పెట్టుకుని, బాగున్న మోకాలికి కట్టు కట్టుకోవడం.

బాగాలేనిది కుడి మోకాలు. దాన్ని మూడుసార్లు కోశారు. కోసిన ప్రతిసారీ మంచం, ఊతకర్ర, గోడ పట్టుకుని నడక, మళ్ళీ మొదటినుంచీ ఆట. పదహారేళ్ళుగా అతను టెన్నిస్‌లో డబుల్స్ ఆడుతున్నాడు. పక్కన ఆడేది భార్య తమ్ముడు. బావా బావమరుదులు ఇన్నేళ్ళు ఒకే కోర్టులో పోట్లాడుకోకుండా ఉన్నారంటే అది ఆటకన్నా గొప్ప అని జనం చెప్పుకునేవారు. మూడో కోతకి బావమరిది పదకొండు నెలలు కాచుకున్నాడు. ఆ నెలలన్నీ దొరికినవాడితో ఆడాడు, దొరికిన చోటల్లా ఓడాడు. ఈమధ్య ఒక పొడుగాటి ఎడమచేతి ఆటగాడు తనతో జోడీ కట్టమని బావమరిది వెంట తిరుగుతున్నాడు. ఆ సంగతి అందరికీ తెలుసు. ఇంట్లో మాత్రం ఎవరూ ఎత్తరు. అతను తిరిగొచ్చాక ఆ రోజుదే మొదటి ఆట. మోకాలు నిలబడిందా, సరే. లేదంటే ఆ పొడుగువాడు ఉండనే ఉన్నాడు.

లేవగానే కుడి మోకాలు సలిపింది. ఆ సలుపులోనే ఉపాయం తట్టింది. కట్టు ఎటు కనబడితే ఎదుటివాళ్ళు బంతి అటే వేస్తారు. అయితే కట్టు ఎడమ కాలికి కడితే సరి. ఈ ఉపాయం అతను ఎవరికీ చెప్పలేదు. అసలే మాట తక్కువ మనిషి.

బయటికి రాగానే భార్య కంటబడింది.

"అదేంటి, ఎడమదా?"

"ఊ."

"ఎప్పట్నుంచి?"

"ఏం లేదు. బాగానే ఉంది."

ఆమె ఆ "బాగానే ఉంది" అన్న మాట ఇంతకుముందు మూడుసార్లు విన్నది. మూడుసార్లూ ఆస్పత్రికి పోయే దారిలోనే విన్నది. అతను బూట్ల తాళ్ళు ముడివేసుకునేలోగా వంటింట్లోకి పోయి తమ్ముడికి ఫోన్ చేసింది.

"మీ బావకి రెండోది కూడా పోయిందిరా. నాకు చెప్పట్లేదు. నువ్వూ అడక్కు, కనిపెట్టుకుని ఉండు."

తరువాత ఫిజియోకి చేసింది. ఆటగాళ్ళ కీళ్ళు సరిచేసే ఆ పెద్దావిడ స్టేడియం గుమ్మంలోనే కాపు కాసి, అతన్ని చెయ్యి పట్టుకుని లాక్కుపోయి బల్ల మీద పడుకోబెట్టింది.

"ఎక్కడ నాయనా?"

నిజం చెప్పేద్దామని నోరు తెరిచాడు. పక్క బల్ల మీద ఆ పూట తమతో ఆడబోయే జోడీ ఉంది. ఒకడు పిక్కలు పట్టించుకుంటున్నాడు. రెండోవాడు వేరే పనేమీ లేనట్టు ఇతని మోకాలి కేసే చూస్తున్నాడు.

"ఇక్కడ," అని ఎడమ మోకాలు చూపించాడు.

ఆవిడ నొక్కింది. లేని నొప్పికి ఎప్పుడు మూలగాలో తెలియక కాస్త ఆలస్యంగా మూలిగాడు.

"నొక్కినప్పుడు కాదు, వదిలాక నొప్పా? ఇది మంచి లక్షణం కాదే," అంటూ ఆవిడ డాక్టరుకి కబురు పెట్టింది. డాక్టరు వచ్చి చెయ్యి చాపాడు. ఈసారి ఆలస్యం కాకూడదని అతను ముందే మూలిగాడు. ముట్టుకోకముందే నొప్పి రావడం చూసి డాక్టరు కళ్ళజోడు తుడుచుకున్నాడు.

ఇద్దరూ ఆట మానుకోమన్నారు. అతను ససేమిరా అన్నాడు. అయితే ఐసు పెట్టాల్సిందే అన్నారు. ముందొక సంచీ, వెనకొక సంచీ బిగించి అరగంట కూర్చోబెట్టారు. లేచేసరికి ఆ కాలు ఎవరిదో తెచ్చి అతికించినట్టుంది. సలిపే కుడి కాలిని పలకరించినవాళ్ళు లేరు.

కోర్టులోకి దిగాక ఏ కాలు కుంటాలో కాసేపు అతనికే తేలలేదు. అతను ఆడేది కుడి సగం. కాబట్టి అతని ఎడమ కాలివైపంటే కోర్టు నడిమి భాగమే. ఎదుటివాళ్ళు అనుకున్నట్టే బంతులన్నీ అటే వేశారు. కానీ ఒక్కటీ అతనిదాకా రాలేదు. బావమరిది తన చోటు వదిలి అడ్డం పడి కొట్టేస్తున్నాడు.

ఒకసారి ఎదుటివాళ్ళకి తెలియకుండా బంతితో నోరు కప్పుకుని బావ అడిగాడు.

"నా బంతులన్నీ నువ్వే కొడుతున్నావేంట్రా?"

"ఊరికే బావా."

"ఎడమది బాగానే ఉంది. నిజంగా."

"ఇలాగే అంటావని అక్క చెప్పింది."

నడుమ వేస్తే లాభం లేదని ఎదుటివాళ్ళకీ తెలిసొచ్చింది. అక్కడినుంచి బంతులు కుడిగీత వెంట పడసాగాయి. వాటిని కొట్టడానికి బావ తప్ప మరొకరు లేరు. పరిగెత్తాడు. మొద్దుబారిన ఎడమ కాలు ఎక్కడ పడుతోందో చూసుకోవడంతోనే సరిపోయింది. కుడి మోకాలి గురించి భయపడే తీరిక దొరకలేదు. పదకొండు నెలలుగా ఆ కాలిని గాజు సామాను దించినట్టు దించుతున్నాడు. ఇప్పుడు మరిచిపోయి ధడాలున దించాడు. ఏమీ కాలేదు. ఇంకోసారి దించాడు. సలుపు ఉంది, కాలూ ఉంది. ఇన్నాళ్ళూ తాను మోస్తున్నది భయాన్నని అతనికి ఆ గీత పక్కన అర్థమైంది.

చివరి బంతిని పరిగెత్తుకెళ్ళి గీత అంచున కొట్టాడు. ఆట గెలిచారు. ఆ ఊపులో మొద్దు కాలు మెలిపడి బోర్లా పడ్డాడు.

బావమరిది పరిగెత్తుకొచ్చాడు.

"ఏ కాలు బావా?"

"ఎడమది."

"పొద్దున్నుంచీ అదేగా."

"పొద్దున బాగుంది. ఇప్పుడే పోయింది."

మళ్ళీ అదే బల్ల మీద పడుకుని ఉపాయమంతా చెప్పాడు. ఆట చూడవచ్చిన భార్య తల పట్టుకుంది. "ఆ ముక్క నాకు చెబితే మీ నోరు అరిగిపోయేదా?"

అతను బావమరిది వైపు తిరిగాడు.

"ఆ పొడుగువాడికి ఏం చెప్పావు?"

"పోయిన నెలే వద్దన్నాను."

"ఎందుకు? వాడి ఒంటిమీద ఒక్క కుట్టు కూడా లేదు."

"అందుకే. వాడు పడితే లేస్తాడో లేదో నాకేం తెలుసు? నువ్వు మూడుసార్లు లేవడం చూశాను."

అతను బల్ల మీద లేచి కూర్చున్నాడు.

"నాకు చెప్పలేదేం?"

"నువ్వేమన్నా చెబుతావా బావా?"

బెణుకు చిన్నదే. రెండు రోజుల తరువాత రెండో ఆటకి భార్య తనే దగ్గరుండి, ఏ కాలో రెండుసార్లు అడిగి, నిజంగా నొప్పి ఉన్న ఎడమ మోకాలికి కట్టు కట్టింది. ఈలోగా అతని ఉపాయం ఆటగాళ్ళందరికీ పాకిపోయింది. ఇదీ ఉపాయమే అనుకుని ఎదుటి జోడీ ఆట ముగిసేదాకా ఒక్క బంతి కూడా అటు వేయలేదు.