ఎడమ చెయ్యి కనబడుటలేదు

ఇందుమూలముగా యావన్మంది పౌరులకు తెలియజేయునది ఏమనగా, నగర పారిశుద్ధ్య కార్యాలయం జవాబుల విభాగం నుంచి బయలుదేరిన ఒక ఎడమ చెయ్యి దారిలో తప్పిపోయినది. ఆనవాళ్ళు: సన్నగా, ఏటవాలుగా ఉండును. ఒకే ఒక్క గీత. ఆచూకీ తెలిసినవారు మూడు ప్రతులలో దరఖాస్తు చేసుకొనవలెను.

ఈ ప్రకటన కార్యాలయం గోడకు అతికించిన రోజున జవాబుల గుమాస్తా దాని పక్కనుంచే తలవంచుకుని లోపలికి వెళ్ళాడు. ఆ చెయ్యి ఆయన పంపిందే.

జవాబుల గుమాస్తా సామాన్యుడు కాడు. ఇరవై ఒక్క సంవత్సరాల సర్వీసులో ఒక్క ఫిర్యాదునైనా జవాబు లేకుండా వదల్లేదు, ఒక్క జవాబులోనైనా విషయం ఉండనివ్వలేదు. ఆయన దగ్గర నాలుగు జవాబులుండేవి. ‘మీ ఫిర్యాదు అందినది.’ ‘పరిశీలనలో ఉన్నది.’ ‘సంబంధిత విభాగమునకు పంపడమైనది.’ నాలుగోది మళ్ళీ ‘మీ ఫిర్యాదు అందినది.’ ఈ నాలుగింటితో ఆయన ఒక నగరాన్ని నెగ్గుకొచ్చాడు. వచ్చే నెల విభాగాధిపతి కావలసినవాడు. ఆ కుర్చీకి సరిపడే మెత్త కూడా కుట్టించి ఇంట్లో పెట్టుకున్నాడు. సాయంత్రాలు దాన్ని స్టూలు మీద వేసుకుని కాసేపు కూర్చుని చూసుకునేవాడు.

అలాంటి మనిషిని ఇరుకున పెట్టింది ఒక రిటైరైన డ్రాయింగు టీచరు. ఆవిడ గేటు ముందు మురుగుకాలవ గుంతకు మూత లేదు. మూత వేయండి మహాప్రభో అని పదహారు ఉత్తరాలు రాసింది. ప్రతి ఉత్తరానికీ గుంత బొమ్మ వేసి జతపరిచింది. పదహారో బొమ్మలో అందులో పడిన పోస్టుమాన్ కూడా ఉన్నాడు, పోలికలు బాగా కుదిరాయి. నాలుగు జవాబులూ నాలుగేసి సార్లు వెళ్ళిపోయాయి. పదిహేడో ఉత్తరం కంప్యూటరులో వచ్చి కూర్చుంది. ఇప్పుడు కొత్త జవాబు ఎక్కణ్ణుంచి తేవాలి?

సరిగ్గా అప్పుడే ఆయన కాలేజీలో చదువుతున్న కూతురికి “పరీక్ష ఎలా రాశావమ్మా?” అని ఫోనులో పంపాడు. ఆ పిల్ల ఒక్క మాటా రాయకుండా ఇది పంపింది:

¯\_(ツ)_/¯

గుమాస్తా దాన్ని దగ్గరగా చూశాడు, దూరంగా పెట్టి చూశాడు. రెండు చేతులూ పైకి, అరచేతులు ఆకాశానికి, మధ్యలో ఒక వంకర నవ్వు. నాకు తెలియదు, తెలిసినా చెయ్యలేను, చెయ్యగలిగినా నాకెందుకు, అయినా మీరంటే నాకు గౌరవమే! తన నాలుగు జవాబులూ అందులో ఉన్నాయి. కూతురి పరీక్ష సంగతి మరిచిపోయి, పొంగిపోయి, దాన్నే కంప్యూటరులో కొట్టి టీచరమ్మకు పంపించాడు.

టీచరమ్మకు చేరింది మాత్రం ఇది:

¯_(ツ)_/¯

ముప్పై నాలుగేళ్ళు బొమ్మలు నేర్పిన మనిషికి బొమ్మ అర్థం కాకపోతుందా? నవ్వుతున్న మనిషి. ఒక చెయ్యి ఎత్తాడు. క్లాసులో చెయ్యెత్తాడంటే ‘నేను చేస్తాను టీచర్’ అని. రెండో పక్క గాలిలో ఒక అడ్డగీత ఉంది. అది మూత. అంటే మూత తీసుకుని మనిషి బయలుదేరాడు.

ఆవిడ వీధంతా చాటింపు వేసింది. వీధివాళ్ళు గుంత చుట్టూ ఊడ్చి, కుర్చీలు వేసుకుని మూడు రోజులు కూర్చున్నారు. నాలుగో రోజు టీచరమ్మ ఆ బొమ్మను కాగితం మీద అచ్చు తీయించుకుని కార్యాలయం పెద్దసారు గదికి వచ్చింది.

“మీవాడు చెయ్యెత్తాడు సారూ. చెయ్యెత్తినవాణ్ణి నేనెప్పుడూ కాదని కూర్చోబెట్టలేదు. మూత ఏదీ?”

పెద్దసారు మొహంలో కత్తివాటుకు నెత్తురుచుక్క లేదు. కాంట్రాక్టుల గురించి పత్రికలు రాసినప్పుడు కూడా ఆయన ఇంతగా బెదరలేదు. ఈ కార్యాలయం పుట్టిన దగ్గర్నుంచి ఒక పని చేస్తామని ఎవరికీ చెప్పి ఎరగదు. ఒకరికి చెప్పినట్టు తేలితే రేపు నగరమంతా కుర్చీలు వేసుకుని కూర్చుంటుంది! గుమాస్తాకు అక్కడికక్కడే అభియోగపత్రం అందింది. పౌరురాలిని కించపరిచినందుకు కాదు, దానికి శిక్ష లేదు. ‘విధి నిర్వహణలో ఉండగా పౌరురాలికి ఆశ కల్పించినందుకు.’ నేరం రుజువైతే పదోన్నతి రద్దు.

“పోనీ ఆ మెత్త విప్పేసి దూది దిండ్లలోకి వాడుకోమంటారా?” అని ఆ సాయంత్రం భార్య అడిగింది. గుమాస్తాకు ఏడుపొచ్చింది.

ముగ్గురు సభ్యులతో విచారణ సంఘం ఏర్పడింది. బొమ్మలో ఒక చెయ్యి తక్కువైందని చూసి, ముందుగా గోడకు ఆ ప్రకటన అతికించింది. సంఘంవారు గుమాస్తాను బల్ల మీద నిలబెట్టి, రెండు చేతులతో నలభైసార్లు, ఒంటి చేత్తో నలభైసార్లు భుజాలు ఎగరేయించి, టేపు పెట్టి కొలిచారు. తర్వాత చిహ్నాల నిపుణుణ్ణి పిలిపించారు. ఆయన మంచినీళ్ళు తాగి, గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు.

“సభ్యులారా! మధ్యలో మనం మొహం అనుకుంటున్నది మొహం కాదు. జపానువాళ్ళ అక్షరం. వాళ్ళకు అది ‘ట్సు’, మనకు నవ్వు. చేతులు అనుకుంటున్నవి చేతులు కావు, గీతలు. భుజాలు అసలే లేవు. లేని మొహం, లేని చేతులు, లేని భుజాలు కలిసి లేని జవాబు ఇస్తున్నాయి! ఇంతటి మహత్తర చిహ్నం విదేశాల్లో పుట్టిందంటే నేను నమ్మను. ఈ భవనంలో ప్రతి కౌంటరు దగ్గరా దీన్ని నేను సజీవంగా చూశాను!”

సభ్యులు చప్పట్లు కొట్టారు. పెద్దసారు కళ్ళు తుడుచుకున్నాడు.

చెయ్యి ఎక్కడ పోయిందో మాత్రం గుమాస్తా కూతురు వచ్చి చెప్పింది. “ఆ ఎడమ చేతిలా వాలిన గీత కనబడితే కంప్యూటరు అది తనకిచ్చిన ఆర్డరు అనుకుని మింగేస్తుందండీ. ఒక చెయ్యి నిలబడాలంటే మూడు గీతలు కొట్టాలి.” ఏ ఒక్కటి నిలబడాలన్నా మూడు సంతకాలు కావాలన్నది సభ్యులకు తెలిసిన సంగతే కనుక వెంటనే ఒప్పుకున్నారు.

చివరికి అధ్యక్షుడు గుమాస్తాను సూటిగా అడిగాడు. “మీరు పంపింది ఒక చెయ్యా, రెండా?”

ఎదురుగా టీచరమ్మ కూర్చుని ఉంది. ఆవిడ మోకాలికి కొత్తగా కట్టు ఉంది. ఒకటే అంటే మూత వెయ్యక తప్పదు, కుర్చీ పోతుంది. ఇరవై ఒక్క ఏళ్ళుగా అబద్ధాలు రాసినవాడికి ఇంకొక్క అబద్ధం పెద్ద కష్టమేమీ కాదు. కానీ సరిగ్గా ఆ రోజే ఆయనకు నిజం చెప్పాలనిపించింది.

“రెండూ సార్. నేను ఏదైనా చేస్తానని ఎప్పుడూ ఎవరితోనూ అనలేదు.”

టీచరమ్మ గోడ పట్టుకుని లేచింది. “ఒక చెయ్యి ఉన్నప్పుడు చేస్తానన్నావు. రెండు చేతులూ దొరికేసరికి చెయ్యనంటున్నావు. ఆ పోయిన చెయ్యి వెతక్కపోయినా బావుండేది బాబూ,” అంది.

గుమాస్తాకు సిగ్గేసింది. నిజంగానే వేసింది. మర్నాడు పదోన్నతి ఉత్తర్వు వచ్చేదాకా అలాగే ఉంది.

సంఘం నివేదిక ఆరువందల పేజీలు వచ్చింది. చేతుల కొలతలు అసలు సైజులో అచ్చు వేయవలసి రావడంతో బల్లంత వెడల్పు, దానికి మందపాటి అట్ట. ‘రెండు చేతులున్న చిహ్నమునకు అర్థమేమియు లేదు గనుక అది కార్యాలయ సంప్రదాయమునకు పూర్తిగా అనుగుణమైనది’ అన్నది అందులోని సారాంశం. ఫిర్యాదుదారుకు ఒక ప్రతి ఉచితం. టీచరమ్మ దాన్ని రిక్షాలో వేయించుకుని వెళ్ళి గుంత మీద పెట్టించింది. కొలిచి కుట్టినట్టు సరిపోయింది. కార్యాలయం ఆ ఏటి ప్రగతి పత్రంలో ‘వేసిన మూతలు: ఒకటి’ అని రాసుకుంది.

కొత్త విభాగాధిపతి మెత్త వేసుకుని కూర్చున్న తొలిరోజే టీచరమ్మ పద్దెనిమిదో ఉత్తరం వచ్చింది. “వానకు నివేదిక మెత్తబడింది. దయచేసి రెండో సంపుటం పంపగలరు.” బొమ్మలో ఈసారి కొత్త పోస్టుమాన్ ఉన్నాడు.

విభాగాధిపతి తక్షణం స్పందించాడు. రెండో సంపుటం కావాలంటే రెండో విచారణ జరగాలి. విచారణ జరగాలంటే ఇంకో చెయ్యి పోవాలి. కనుక ఇకమీదట మూడు గీతలకు బదులు ఒకటే కొట్టవలసిందిగా కింది ఉద్యోగులకు ఉత్తర్వు వేశాడు.

ఇంతకీ మీ వీధిలో మూతలన్నీ ఉన్నాయా? లేకపోతే ఎవరికైనా ఒక ఉత్తరం రాశారా?

అదిగో, అప్పుడే భుజాలు ఎగరేశారు. పర్వాలేదు లెండి, రెండు చేతులూ లేచాయి. మీరేదో చేస్తారని ఎవరూ పొరబడరు.