ట్రోజన్ గారి మర్యాద

మన ఇళ్ళకు వచ్చేవాళ్ళలో ట్రోజన్ అంతటి మర్యాదస్తుడు మరొకడు లేడు!

నవ్వకండి. మామూలు కంప్యూటర్ వైరస్ చెప్పాపెట్టకుండా దూరుతుంది. ట్రోజన్ అలా కాదు. మంచి ప్రోగ్రాం వేషం కట్టుకుని, గుమ్మం బయట నిలబడి, "లోపలికి రావచ్చునా?" అని అడుగుతుంది. మనం "యస్" నొక్కితేనే వస్తుంది. మీ బంధువుల్లో అలా అడిగి వచ్చేవాళ్ళు ఎంతమంది?

ఈ సత్యం నాకు 2007 జూలైలో నగరిలో, మా పక్కింటి ఏకాంబరం ఇంట్లో బోధపడింది.

ఏకాంబరానికి నాలుగు పవర్‌లూమ్ మగ్గాలున్నాయి. ఆయన భార్య భువనేశ్వరి చీరల అంచులకు డిజైన్లు వేస్తుంది. మొదట్లో గళ్ళ కాగితం మీద వేసేది. కంప్యూటర్ కొన్నాక పద్నాలుగు నెలలుగా అందులోనే వేస్తోంది. నెమళ్ళు, మామిడి పిందెలు, గోపురాలు, మొత్తం నూట అరవై అంచులు. గురువారం కంచి నుంచి ఒక చీరల వ్యాపారి వచ్చి అవన్నీ చూస్తానన్నాడు. నచ్చితే ఏడాది పొడవునా వీళ్ళ మగ్గాలకు పని.

సోమవారం పొద్దున నేను పత్రికకు నా కాలమ్ మెయిల్ చేసుకుందామని వాళ్ళింటికి వెళ్ళాను. భువనేశ్వరి నన్ను కుర్చీలో కూర్చోబెట్టి కాఫీ పెట్టడానికి లోపలికి వెళ్ళింది. అంతలో తెర మీద ఎర్రటి పెట్టె వెలిగింది. మీ కంప్యూటర్‌లో మూడు వందల పన్నెండు వైరస్‌లు ఉన్నాయి, ఉచితంగా శుభ్రం చేయమంటారా, అని. ఉచితంగా! పరోపకారం నా బలహీనత. యస్ నొక్కేశాను. కాఫీ తాగి ఇంటికి వచ్చేశాను.

ఆ తర్వాత ట్రోజన్ చేసిన సేవ చూడండి. నిమిషానికోసారి "ప్రమాదం!" అని హెచ్చరించింది. మా ఆవిడకు కూడా నా మీద అంత శ్రద్ధ లేదు! అడగకుండానే ఏవేవో వెబ్‌సైట్లు తెరిచి లోకజ్ఞానం పెంచింది. కంప్యూటర్‌లో ఉన్న అసలైన యాంటీవైరస్‌ను తెరుచుకోనివ్వలేదు. ఒకే పనికి ఇద్దరెందుకని కాబోలు! మనం కొట్టే పాస్‌వర్డులన్నీ ఎక్కడో ఉన్న తన యజమానికి పంపే ఏర్పాటు కూడా చేసుకుంది. రేపు మనం మరిచిపోయినా లోకంలో ఒకరికైనా గుర్తుంటాయి కదా!

సాయంత్రానికి డిజైన్ల ఫైలు తెరుచుకోవడం మానేసింది.

"ఏందబ్బా ఇది, గాలి సోకినట్టు ఆడతా ఉండాది!" అన్నాడు ఏకాంబరం. నేను విచారంగా తల ఊపాను.

మంగళవారం కంప్యూటర్ మెకానిక్ గిరిప్రసాద్ వచ్చాడు. కూర్చోకుండానే తీర్పు చెప్పాడు.

"ఫార్మాట్ కొట్టేద్దాం మేడమ్. అంతా తుడిచేస్తే కొత్తదాని మాదిరి పరిగెత్తుతాది."

"నా డిజైన్లు?"

"అవీ పోతాయి."

నేను గిరిప్రసాద్‌ను గట్టిగా బలపరిచాను. ఫార్మాట్‌లో సాక్ష్యాలు కూడా పోతాయి మరి!

భువనేశ్వరి కంప్యూటర్‌కు అడ్డంగా వచ్చి నిలబడింది. తర్వాత అంది: "మగ్గంలో ఒక పోగు తెగితే బట్టంతా కోసి పారేస్తామా గిరీ? తెగింది యాడుండాదో ఎతుక్కోని ముడేసుకుంటాం. నువ్వు పోయిరా."

తిరుపతిలో కంప్యూటర్ పాఠాలు చెప్పే తన చెల్లెలు నవీనకు ఫోన్ చేసింది. ఆమె చెప్పింది చెప్పినట్టు నోటుబుక్కులో రాసుకుంది. ముందు ఇంటర్నెట్ వైరు పీకెయ్యాలి. లోపలున్నది బయటికి మాట్లాడకూడదు. తర్వాత కంప్యూటర్ ఆపి, ఎఫ్ ఎనిమిది మీట నొక్కుతూ సేఫ్ మోడ్‌లో తెరవాలి; అప్పుడు అవసరమైనవి మాత్రమే లేస్తాయి. కంప్యూటర్‌తో పాటే లేచే ప్రోగ్రాంల పట్టీలో ముక్కూమొహం తెలియని పేరుంటే టిక్కు తీసేయాలి. ఆపైన అసలైన యాంటీవైరస్‌తో మూలమూలా వెతికించాలి.

ఆ యాంటీవైరస్ సీడీని నవీన బుధవారం పొద్దున తిరుపతి బస్సు డ్రైవర్ చేతికిచ్చి పంపింది. బస్టాండుకు వెళ్ళి తెచ్చింది నేనే. పరోపకారం!

నోటుబుక్కులో రాసుకున్నవన్నీ భువనేశ్వరి వరసగా చేసింది. మూడు గంటల వెతుకులాటలో దొరికిన దొంగలెందరో తెలుసా? మూడు వందల పన్నెండు కాదు. ఒక్కటే. ఆ లెక్క చెప్పినదే!

దాన్ని తుడిచేశాక డిజైన్లు తెరుచుకున్నాయి. భువనేశ్వరి తెర మీది నెమలిని వేలితో తాకి, కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. వెంటనే నూట అరవై అంచుల్నీ రెండు సీడీల్లోకి ఎక్కించింది.

నవీనకు ఫోన్ చేసి స్పీకర్ పెట్టారు. "పాస్‌వర్డులన్నీ వేరే కంప్యూటర్‌లోంచి మార్చుకో అక్కా," అందామె. "ఇంకొక మాట. ఇది దానంతట అది రాదు. ఎవురో యస్ నొక్కినారు. ఎవురు?"

ఏకాంబరం భార్య వైపు చూశాడు. ఆమె అతని వైపు చూసింది. నేను కాఫీ గ్లాసు కింద పెట్టాను.

"నేనేనమ్మా," అన్నాను.

భువనేశ్వరి తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. "ఆ పెట్టెలో ఏం రాసుండాదో సదివినావా అన్నా?" అని మాత్రం అడిగింది.

"లేదమ్మా."

గురువారం వ్యాపారి వచ్చి తొమ్మిది అంచులు ఖాయం చేసుకున్నాడు. మగ్గాలు మోగుతున్నాయి. ఆమె ప్రశ్న కూడా నా చెవిలో మోగుతూనే ఉంది. ఎందుకంటే, నా కాలమ్‌ను ఎవరూ చివరిదాకా చదవరని ఇరవై ఏళ్ళుగా మీ మీద ఎగురుతున్నవాణ్ణి నేను. ఆ పెట్టెలో ఉన్నవి నాలుగే లైన్లు!

మీరు ఇక్కడిదాకా చదివారంటే నాకంటే నయం. కంప్యూటర్ ముందు మీరు కూర్చోవచ్చు. నాకు భువనేశ్వరి ఇప్పుడు వేరే స్టూలు వేస్తోంది, వంటింటి వైపు.