దుప్పట్లు చూపిన నైరుతి

వాతావరణ కేంద్రం పరిశీలకుడు ఆ ఉదయం పెట్టుకున్న పని ఒక్కటే. కాఫీ తాగుతూ, గాలి ఎటునుంచి వీస్తే అటు తిరిగే డాబా మీది ఇనుప బాణాన్ని చూసి పై అధికారికి ఫోను చెయ్యాలి. మెట్లెక్కి చూడాలన్నది నియమం. మోకాళ్ళు మాత్రం వద్దన్నాయి. అందుకని ఆయన వంటింటి కిటికీలోంచే చూసేవాడు. అక్కణ్ణుంచి బాణం మొన ఒక్కటే కనిపిస్తుంది.

ఆ రోజు మొన చూడగానే కాఫీ ఒలికింది. వారాల తరబడి ఎండిన నేలవైపే చూస్తున్న బాణం సముద్రం వైపు, సరిగ్గా నైరుతికి తిరిగి ఉంది.

"సార్, ఋతుపవనాలు వచ్చేశాయి! మేకు కొట్టినట్టు నిలబడింది సార్, ఇంత కూడా ఊగట్లేదు!"

కిందటేడు కబురు ఆలస్యమై చీవాట్లు తిన్న అధికారి ఇంకేమీ అడగలేదు. రేడియో మోగిపోయింది. బళ్ళకు సెలవిచ్చారు. గొడుగుల కొట్టువాడు ధర పెంచేశాడు. ఆకాశంలో మాత్రం మబ్బు తునక లేదు. అంతలో బావమరిది ఫోను.

"బావా, నీ మాట మీదే విత్తనాలన్నీ చల్లేశా. ఇంట్లో గింజ మిగల్లేదు. ఇవాళ పడుతుందిగా?"

"పడకేం!" అన్నాడు గానీ పరిశీలకుడు మళ్ళీ ఆకాశం వైపు చూశాడు. మోకాళ్ళ సంగతి మరిచి డాబా ఎక్కాడు.

బాణం తోకకు తాడు. తాడు రెండో కొస నీళ్ళ ట్యాంకు గొట్టానికి. మధ్యలో బరువుగా ఇంటిల్లిపాది దుప్పట్లు.

"ఏమే, ఇదేం పని?"

"ఆరెయ్యడానికి ఇంకో కొయ్య ఎక్కడుందండీ?" అంది పక్కనే తడి దుప్పటి పిండుతున్న భార్య.

తాడు విప్పగానే బాణం కిర్రుమంటూ మళ్ళీ ఎండిన నేలవైపు తిరిగింది. ఆయన చతికిలబడ్డాడు. "నీ తమ్ముడి విత్తనాలు పిట్టలపాలు!"

ఆవిడ గబగబా దుప్పట్లన్నీ పిట్టగోడ మీదికి మార్చింది. ఆయన జేబులోని ఫోను తీసి అధికారికి జరిగింది జరిగినట్టు చెప్పేశాడు.

"చెప్పింది వెనక్కి మింగలేమయ్యా! ఎలాగోలా వాన పడేట్టు చూడు!" అని అధికారి ఫోను పెట్టేశాడు.

దంపతులిద్దరూ కిందికి దిగే ధైర్యం లేక అక్కడే కూర్చున్నారు. మధ్యాహ్నం దాటాక పిట్టగోడ మీద ఆరేసిన దుప్పటి ఒకటి మెల్లగా ఉబ్బింది. బాణం వణికి, ఎవరూ ముట్టుకోకుండానే నైరుతికి తిరిగింది. చల్లటి తడిగాలి మొహాన కొట్టింది. ఆకాశం కొసనుంచి నల్లటి మబ్బు ఊరంతటినీ కప్పుతూ లేచింది.

"ఎక్కణ్ణుంచండీ ఇంత గాలి?" అంది ఆవిడ.

"ఎండాకాలమంతా నేల కాగిందా, దానిమీది గాలి వేడెక్కి పైకి లేచిపోయింది. సముద్రం అంత తొందరగా వేడెక్కదు. ఇక్కడి ఖాళీ నింపడానికి అక్కడి గాలి నీళ్ళు మోసుకుంటూ..." అంటూ ఆయన గాలికి ఎదురు తిరిగాడు. ఇన్నేళ్ళూ ఈ గాలి రాక గురించి ఫోనులో చెప్పాడే గానీ, ఒక్కసారైనా దానికి ఎదురుగా నిలబడలేదు. ఒక సముద్రం లేచి ఊళ్ళమీదుగా నడిచి వస్తోంది. ఏటా వచ్చేదే. అయినా ఆయన చేతులు వాటంతటవే జోడించుకున్నాయి.

వాన కుండపోతగా దిగింది. ఇద్దరూ చిన్నపిల్లల్లా తడిశారు. ఫోను మోగితే బావమరిది ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో తెలియలేదు. "బావా, చేను తాగుతోంది బావా!"

మరుసటేడు ఎండాకాలం చివర అధికారి స్వయంగా ఫోను చేసి, దుప్పట్లు ఎప్పుడు ఉతుకుతున్నారని అడిగాడు.