గట్టు మీద తెల్ల మచ్చ

రిటైరైన పోస్టుమాస్టరు గారు ఆ ఉదయం పెట్టుకున్న పని చిన్నదే. భోజనానికి వియ్యపురాలు వస్తోంది. ఆవిణ్ణి తీసుకురావడానికి కొడుకూ కోడలూ స్టేషన్‌కి వెళ్ళారు. వాళ్ళొచ్చేలోగా వంటింట్లో కొత్తగా వేయించిన నల్ల గ్రానైట్ గట్టును అద్దంలా మెరిపించి కోడలి చేత శభాష్ అనిపించుకోవాలి.

గోరువెచ్చని నీళ్ళలో రెండు చుక్కల గిన్నెల సబ్బు, ఒక మెత్తటి గుడ్డ చాలని, నిమ్మరసం దాని దరిదాపులకు రానివ్వొద్దని కోడలు నెల రోజులుగా చెబుతూనే ఉంది. రెండు చుక్కలకు ఏం మెరుస్తుందిలే అనుకుని ఆయన బట్టల సబ్బు పొడి గుప్పెడు చల్లి, రెండు నిమ్మకాయలు పిండి బరబరా తోమారు. పైపైన తుడిచేసి పేపరు చదువుకుని వచ్చి చూస్తే, పొయ్యి పక్కన పళ్ళెమంత తెల్ల మచ్చ. ఆయన పైప్రాణాలు పైనే పోయాయి.

ఇంతలో వీధిలో కారు ఆగింది. చేతికందిన ట్రే మచ్చ మీద పెట్టి, ట్రే నిండా బంగాళాదుంపలు పోసి, దానికి కాపలాగా నిలబడ్డారు.

"మీరు జరగండి మావయ్యగారూ, వంట మొదలుపెడతాను," అంది కోడలు.

"వద్దమ్మా. ఈ పూట నేను వండుతా."

"మీకు వంట రాదు కదా?"

"ఎంతకాలమని నీ చేతి వంటే తింటాం," అనేశారు కంగారులో.

కోడలి మొహం చిన్నబోయింది. గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది.

"వాళ్ళమ్మ ముందే అనాలా నాన్నా?" అన్నాడు కొడుకు.

వియ్యపురాలు చేతిలో సంచి ఇంకా కింద పెట్టలేదు. "మా అమ్మాయి వంట అంత కష్టంగా ఉంటే నాకో ఉత్తరం ముక్క రాయాల్సింది అన్నయ్యగారూ. సాయంత్రం బండికి దాన్ని నాతో తీసుకెళ్తాను," అంది.

ఆయన కూర పొయ్యి మీద పెట్టారు గానీ ఉప్పు ఎన్నిసార్లు వేశారో ఆయనకే తెలియదు. గదిలోంచి కోడలు వెక్కుతున్న చప్పుడు వినిపిస్తోంది. ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో ఒక్క ఉత్తరమైనా తప్పు చిరునామాకు పంపని మనిషి, ఇవాళ తన తప్పును తీసుకెళ్ళి ఆ పిల్ల నెత్తిన పడేశాడు. సిగ్గుతో చచ్చిపోయినంత పనైంది. పొయ్యి ఆర్పి, వెళ్ళి ఆ తలుపు ముందు నిలబడ్డారు.

"నీ వంటకు వంక పెట్టే మొహం నాకు లేదమ్మా. నీ గట్టు పాడుచేశాను. అది నీ కంట పడకూడదని నోటికొచ్చింది వాగాను."

తలుపు తెరుచుకుంది. అందరి ముందూ ఆయనే ట్రే తీశారు. వియ్యపురాలు వంగి చూసి, గుడ్డ తడిపి నాలుగుసార్లు తుడిచి, పొడిగుడ్డతో అద్దింది. గట్టు నల్లగా నిగనిగలాడింది.

"ఇది మచ్చ కాదు అన్నయ్యగారూ, సబ్బు. తోమారు గానీ కడగలేదు."

కోడలు కళ్ళు తుడుచుకుంటూనే నవ్వు ఆపుకోలేకపోయింది. "కూర అయిందా మావయ్యగారూ? ఆకలేస్తోంది."

నలుగురూ భోజనానికి కూర్చున్నారు. మొదటి ముద్దకే ముగ్గురు మంచినీళ్ళ గ్లాసులు అందుకున్నారు. పోస్టుమాస్టరు గారు మాత్రం తలెత్తకుండా ఆ కూరే మారు వడ్డించుకున్నారు.