బావగారి స్పోకెన్ ఇంగ్లీషు

ఆడపిల్లకు ధైర్యం, నలుగురిలో మాట్లాడే నేర్పు, విశాల హృదయం కలిగించడమే తన జీవిత ధ్యేయమని మా బావ వెంకటేశప్ప బలసముద్రంలో ప్రకటించాడు. పొలాన్ని సోలార్ ప్లాంటుకు కౌలుకిచ్చాక ఆయనకు దున్నే పని పోయి ప్రకటించే పని మిగిలింది.

ఆయన కూతురు సింధుశ్రీ పావగడలో ఎనిమిదో తరగతి చదువుతోంది. బడిలో ఎవరితోనూ నోరు విప్పదు. అక్కడి చర్చిలో ఆదివారం మధ్యాహ్నాలు ఆడపిల్లలకు యూత్ గ్రూప్ నడుస్తుందనీ, ఏ మతంవాళ్లయినా రావచ్చనీ, ఆటపాటలతో పాటు ఇంగ్లీషులో మాట్లాడిస్తారనీ తెలిసింది. ఇంగ్లీషు అనే మాట వినగానే బావకు సర్వమతాల మీదా గౌరవం పుట్టుకొచ్చింది. ఊళ్లో మాత్రం స్పోకెన్ ఇంగ్లీషు క్లాసని చెప్పాడు. గుడి కమిటీ అధ్యక్షుడు కదా, పదవికి ఉండే ఇబ్బందులు పదవికి ఉంటాయి.

నేను హైస్కూల్లో ఇంగ్లీషు మాస్టర్ని కాబట్టి మొదటిరోజు సరుకు నాణ్యత చూడమని నన్నూ వెంటబెట్టుకెళ్లాడు. దారి పొడవునా కూతురికి నిబంధనలు బోధించాడు. ప్రార్థనప్పుడు కళ్లు మూసుకోవచ్చు, చేతులు జోడించకూడదు. పాటకు పెదవులు కదపొచ్చు, గొంతు కలపకూడదు. ఆ పిల్ల ఏడుపు మొహంతో గేటు దగ్గరే ఆగిపోయింది.

గ్రూపు నడిపే నేత్రావతి వచ్చి, చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లింది. చాప మీదున్న మేఘ అనే పిల్ల జరిగి చోటిచ్చింది. మేఘది మా ఊరవతలి ఎస్సీ కాలనీయే. వాళ్లమ్మ కెంచమ్మ సోలార్ పలకలు కడిగే కూలికి పోతుంది. మేఘ చెవిలో ఏదో చెప్పగానే సింధుశ్రీ నవ్వింది.

కిటికీలోంచి ఇదంతా చూసిన బావ నేత్రావతిని పక్కకు పిలిచాడు. అక్కడ ఫ్యాను గాలి తగలడం లేదనీ, పాపకు వేరే చాప వేయించమనీ మర్యాదగా అడిగాడు.

"ఈడ అందరికీ ఒకే చాపన్నా. ఫ్యానూ ఒకటే" అందామె.

ఇంగ్లీషు కోసం మా బావ అదీ సహించాడు.

నెలలు గడిచాయి. పిల్ల కుదురుకుంది. శనివారం నుంచే బట్టలు సర్దుకునేది. మేఘతో కలిసి బస్సెక్కేది. క్రిస్మస్ ముందు తల్లిదండ్రుల్ని పిలిచి కార్యక్రమం పెట్టారు. సింధుశ్రీ తన స్నేహితురాలి గురించి ఇంగ్లీషులో మాట్లాడాలి. బావ ఇస్త్రీ పంచెతో ముందు వరసలో నిలబడి, గోడమీది సిలువ పడకుండా ఫోను ఒక పక్కకు వంచి వీడియో తీశాడు.

మొదట పిల్ల గొంతు వణికింది. మేఘ వైపు చూశాక నిలకడ పడింది. బావకు ఒక్క ముక్కా అర్థం కాకపోయినా వాక్యానికోసారి ఫోను చంకలో పెట్టుకుని చప్పట్లు కొట్టాడు. ఆయన కొడుతున్నాడు కదా అని కెంచమ్మా కొట్టింది. అర్థమైనవాళ్లం మాత్రం నేల చూపులు చూశాం.

బయటికి రాగానే బావ ఆ వీడియోను ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. ఆ తర్వాతే, పాప ఏం చెప్పిందని నన్నడిగాడు. సరిగ్గా ఆ క్షణంలో నాకు ఇంగ్లీషు రాకుండా పోయింది.

సింధుశ్రీయే చెప్పింది. "మేఘ మనింటికొస్తే నువ్వు వాకిట్లోనే నిలబెట్టినావు. తాగేకి నీళ్లు పేపర్ కప్పులో ఇప్పించినావు. ఆ కప్పులోనే నేనూ తాగినా. అదే చెప్పినా నాన్నా."

బావ చేతిలోని ఫోనుకు ఊరంతటి నుంచీ అభినందనలు వస్తూనే ఉన్నాయి. కాసేపు వాటిని చదువుకున్నాడు. తర్వాత కూతురి తల నిమిరాడు.

"ఇంగ్లీషు బాగానే వచ్చిండాది పాపా" అన్నాడు. "తెలుగులో మాత్రం యాడా చెప్పొద్దు."