వెచ్చని మార్జాల భవనం

“ఈ చలికాలం డంకర్టన్‌లో ఒక్క పిల్లి కూడా వణకదు. ఇది నా మాట!”

మేయర్ వెర్నన్ డ్రీడ్జర్ గారు ఈ చారిత్రక ప్రకటనను మంచుమీద రాళ్లు జార్చి ఆడే కర్లింగ్ ఆటగాళ్ల క్లబ్బు విందులో, చేతిలో బంగాళదుంప కూరిన పెరోగీల పళ్లెం పట్టుకుని చేశారు. జనం చప్పట్లు కొట్టారు. పిల్లులంటే మేయర్ గారికి ఇంత ప్రేమ ఉందని అప్పటిదాకా ఎవరికీ తెలియదు. మేయర్ గారికి కూడా తెలియదు. పక్క ఊరి మేయరు పిల్లికూనను ఎత్తుకున్న ఫొటో పేపర్లో మొదటి పేజీకెక్కిన ఉదయమే ఆ ప్రేమ ఆయన గుండెలో పొంగుకొచ్చింది. మహానుభావుల ప్రేమ కాస్త ఆలస్యంగానే వస్తుంది గానీ, ఎన్నికలకు ముందు మాత్రం తప్పకుండా వస్తుంది.

అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టింది ఆయన సెక్రటరీ హాల్యా. ఆవిడ సంతోషానికి వేరే కారణముంది. టౌన్ హాల్ వెనక గుమ్మం దగ్గర తిరిగే వీధి పిల్లుల్లో కుబాసా అనే ముసలి గండుపిల్లి ఒకటుంది. ఒకసారి హాల్యా లంచ్ డబ్బాలోంచి కుబాసా అనే వెల్లుల్లి సాసేజ్ ఎత్తుకుపోయి ఆ పేరు సంపాదించుకుంది. నిరుటి చలికి దాని చెవి కొస రాలిపోయింది. జాలిపడి ఇంటికి తీసుకెళ్తే కర్టెనెక్కి కూర్చుని తెల్లవార్లూ అరిచింది. నాలుగ్గోడల మధ్య బతకడం దానికి చేతకాదు. ఈ చలికాలం ఎలా గట్టెక్కుతుందా అని హాల్యా బెంగపెట్టుకుంది. అలాంటి సమయంలో సాక్షాత్తూ మేయర్ గారే మాటిచ్చారు. పిల్లికి బిచ్చం పెట్టని మనిషని ఆయన గురించి ఊరంతా అనుకునేది. ఎంత తప్పుగా అనుకున్నామో అని ఆవిడ ఆ రాత్రి నిజంగానే బాధపడింది.

మర్నాడే కమిటీ వేశారు. అందులో మేయర్ గారు, కౌన్సిలర్ ఐనర్సన్ గారు ఉన్నారు. ఐనర్సన్ గారు ఏ విషయంలోనైనా ఇటూ దూకరు, అటూ దూకరు. అంతటి గోడమీద పిల్లి ఉండగా పిల్లుల కమిటీకి వేరే నిపుణులెందుకని మేయర్ గారే అన్నారు. మినిట్స్ రాసుకోవడానికి హాల్యా కూర్చుంది. పిలవకుండానే వచ్చి కూర్చున్న మనిషి అగాథా పెనర్ గారు. ఎనభై దాటిన ఈవిడ చిన్నప్పుడు మేయర్ గారికి ఆదివారం బడిలో బైబిలు చెప్పిన టీచరు.

“ఏరా వెర్నన్, దీనికి కమిటీ ఎందుకురా?” అంది ఆవిడ కోటైనా విప్పకుండా. “హాలు వెనక నేను ప్లాస్టిక్ డబ్బాలు పెట్టా కదా. లోపల థర్మోకోల్, పిల్లి దూరేంత కన్నం, కింద గోధుమగడ్డి. ఇరుగ్గా ఉంటే దాని ఒంటి వేడే దానికి చాలు. అలాంటివి ఇంకో నాలుగు పెట్టించు, అయిపోతుంది.”

“టీచర్, ప్రజలు నన్ను డబ్బాలు పెట్టడానికి ఎన్నుకోలేదండీ. విజన్ ఉండాలి, విజన్!”

“పిల్లికి చీకట్లో కూడా బాగానే కనిపిస్తుందిరా. నీకే సరిగ్గా లేదు.”

ఐనర్సన్ గారు గొంతు సవరించుకున్నారు. “గడ్డి విషయంలో నాదో చిన్న మాట. గోధుమగడ్డి బోలుగా ఉంటుంది, చూడ్డానికి పేదగా ఉంటుంది. మేతగడ్డి అయితే పచ్చగా, సువాసనగా ఉంటుంది. మా పొలంలో ఉంది కూడా.”

“మేతగడ్డి తడి పీల్చి గడ్డకడుతుందయ్యా. అది పశువులు తినేది, పిల్లులు పడుకునేది కాదు.”

“తినేంత మంచి గడ్డి పడుకోడానికి పనికిరాదా?” అన్నారు మేయర్ గారు. ఈ తర్కంతో తీర్మానం ఏకగ్రీవమైంది.

అగాథా గారు లేచి వెళ్తూ గుమ్మంలో ఆగింది. “పిల్లుల సంగతి సరే. హాలు ముందరి బస్టాపులో మనుషులం ఎన్నేళ్లుగా మంచులో నిలబడుతున్నాం. దానికో షెడ్డు వేయమంటే డబ్బుల్లేవన్నావు.”

“అది వేరే కమిటీ, టీచర్.”

పని మొదలైంది. భవనాన్ని హాలు వెనక కడితే టీవీవాళ్లకు కనబడదు కాబట్టి ముందువైపు, బస్టాపు పక్కన కట్టాలని నిర్ణయించారు. వెనకున్న అగాథా గారి డబ్బాలను అనధికార నిర్మాణాలుగా గుర్తించి లారీలో తరలించారు. ఒక పట్టణంలో రెండు రకాల వెచ్చదనం ఉంటే పిల్లులు అయోమయంలో పడతాయన్నది మేయర్ గారి అభిప్రాయం. డబ్బాలు వెళ్లిన మధ్యాహ్నం కుబాసా ఖాళీ జాగాలో కూర్చుని చాలాసేపు నేలను వాసన చూసింది. హాల్యాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇంకెంత, భవనం వచ్చేస్తుందిగా అని సర్దిచెప్పుకుంది.

తర్వాత ప్లాను తెచ్చి చూపిస్తే మేయర్ గారి ముఖం ముడుచుకుపోయింది.

“ఈ గుమ్మమేంటి హాల్యా, ఎలక బోనులా ఉంది! నేనెలా పట్టాలి?”

“మీరెందుకు పట్టడమండీ? పిల్లులకి కదా.”

“రిబ్బను బయట కత్తిరిస్తాం. ఫొటో లోపల దిగాలి. వంగి దూరాననుకో, మేయరు పిల్లి కన్నంలో దూరాడని రేపు నామీద పోటీ చేసేవాడు పోస్టరు వేస్తాడు.”

గుమ్మం మనిషి ఎత్తుకు పెరిగింది. గోడలు గాజువి పెట్టారు, పరిపాలనలో పారదర్శకత కోసం. పెద్దలు వస్తే కూర్చోడానికి పొడవాటి బెంచీ వేశారు.

“ఇంత పెద్ద గాజు గదిలో వేడి నిలుస్తుందాండీ?” అని హాల్యా భయపడుతూ అడిగింది.

“కరెంటు హీటరు పెడుతున్నాం కదమ్మా! అందుకే కదా ‘వెచ్చని’ అని పేరు పెట్టింది.”

ఇత్తడి ఫలకం కూడా వచ్చింది: ‘వెచ్చని మార్జాల భవనం. మేయర్ వెర్నన్ డ్రీడ్జర్ గారి మానసపుత్రిక.’ ఫలకానికి మాత్రం ఎలాంటి లోటూ చేయలేదు.

ఐనర్సన్ గారి మేతగడ్డి పరిచిన మర్నాడు తెల్లవారి చూస్తే లోపల రెండు లేళ్లున్నాయి. గుమ్మం వాటికి సరిగ్గా సరిపోయింది. పరుపంతా తిని, బెంచీ పక్కన జ్ఞాపికలు వదిలి, దర్జాగా వెళ్లిపోయాయి. “మా పథకం ఇతర వన్యప్రాణులకు కూడా విస్తరించింది” అని మేయర్ గారు ప్రకటన ఇచ్చారు. ఐనర్సన్ గారు ఇంకో బండెడు గడ్డి పంపారు. ఈసారి తెరిచున్న గుమ్మంలోంచి మంచు పడి అది గడ్డకట్టింది. అందుకని లేళ్లు కూడా ముట్టుకోలేదు.

ప్రారంభోత్సవం రోజున మైనస్ ముప్పై దాటింది. ఊపిరి వదిలితే కనుబొమలమీద మంచు పేరుకుంటోంది. హాల్యా అందరికన్నా ముందే వచ్చి గాజు గదిలోకి వెళ్లింది. లోపల బయటికన్నా చలిగా ఉంది. ఒక్క పిల్లీ లేదు. హీటరు తీగ ఎక్కడికి వెళ్లిందా అని దాని వెంటే నడిచింది. హాలు ముందు బయట ఉన్నది ఒకటే ప్లగ్గు. ఆ ప్లగ్గులో మేయర్ గారి అధికారిక కారు తీగ పెట్టి ఉంది. చలికాలంలో రాత్రంతా ఇంజను హీటరు పెట్టకపోతే డంకర్టన్‌లో ఏ కారూ కదలదు. ఇంటి దగ్గర పెడితే సొంత బిల్లు పెరుగుతుంది గనక, మేయర్ గారు రోజూ కారును ఇక్కడే వదిలి, రెండు వీధుల అవతలి ఇంటికి నడిచి వెళ్లేవారు. భవనం హీటరు తీగ మాత్రం మంచులో చచ్చిన పాములా పడుంది.

హాల్యా దాన్ని చేతిలోకి తీసుకునేసరికి మేయర్ గారు వచ్చారు.

“ఆగాగు! కారుది పీకకు. ఇది అవగానే హైవే దగ్గర ఇంకో సభ ఉంది.”

“మరి పిల్లులకండీ?”

“పిల్లులకి సభలేముంటాయమ్మా?”

రిబ్బను కత్తిరించారు. మేయర్ గారు తల వంచకుండా లోపలికి నడిచి, బెంచీమీద కూర్చుని, పళ్లు టకటకా కొట్టుకుంటుండగా ఉపన్యసించారు. టీవీ అమ్మాయి మైకు పెట్టింది. “సార్, పిల్లులెక్కడున్నాయి?”

“అవి మీడియాకి దూరంగా ఉంటాయి. సిగ్గరులు” అన్నారాయన. అని కారెక్కబోయారు.

ఈ ఊళ్లో చలికాలం బండి తీసే ముందు బానెట్‌మీద అరచేత్తో నాలుగు చరవడం అందరికీ అలవాటు. ఎంత తొందరలో ఉన్నా, ఎంత పెద్దవారైనా చేస్తారు. మేయర్ గారు కూడా ఆలోచించకుండానే చరిచారు. బానెట్ కింద ఇంజను వేడికి ముడుచుకున్న ఒక నల్లపిల్లి బయటికి దూకింది. దాని వెనక మచ్చల పిల్లి, దాని వెనక ఇంకోటి, ఇంకోటి. కెమెరా ఇటు తిరిగింది. జనం నోరెళ్లబెట్టారు. పిల్లులు గాజు భవనం ముందునుంచే, దానివైపు కన్నెత్తి చూడకుండా, తోక పైకెత్తుకుని పోయాయి.

మేయర్ గారు తాళం చెవి తీశారు. హాల్యా పిల్లుల్ని లెక్కపెట్టింది. అన్నీ వచ్చాయి గానీ కుబాసా రాలేదు.

“ఆగండి! ఇంకోటుంది లోపల!”

“చరిచాను కదా! రాదలుచుకుంటే వచ్చేది. టైమైపోతోంది.” మేయర్ గారు డోరు తెరిచి సీట్లో కూర్చున్నారు.

హాల్యా మంచులో మోకాళ్లమీద కూలబడి కిందకి చూసింది. ఇంజను పక్కన, తాళం తిప్పగానే గిర్రున తిరిగే బెల్టుకు ఆనుకుని, కొస లేని చెవి ఒకటి కనబడింది. పిలిచింది, బతిమాలింది, కదల్లేదు. వెచ్చని చోటు దొరికిన ముసలి ప్రాణం ఎందుకు కదులుతుంది? ఆవిడ లేచింది. జీవితంలో ఎప్పుడూ మేయర్ గారి మాట దాటని మనిషి, టీవీ అమ్మాయి చేతిలో మైకు లాక్కుంది.

“ఒక ముఖ్య ప్రకటన! మేయర్ గారు సిగ్గుపడి చెప్పుకోవడం లేదు. ఈ చలికాలమంతా తన కారుని పిల్లులకే ఇచ్చేశారు! అందుకే రోజూ ప్లగ్గులో పెట్టించారు. తాళంచెవి నాకిస్తామని మాటిచ్చారు కూడా!”

జనం ఒక్కసారిగా హోరెత్తారు. “నిజమేనా సార్?” అంది టీవీ అమ్మాయి.

మేయర్ గారు తల తిప్పి చూశారు. కెమెరా దీపం ఎర్రగా వెలుగుతోంది. ఆయన నెమ్మదిగా కారు దిగి, తాళంచెవి హాల్యా అరచేతిలో పెట్టారు.

“మొదట్నుంచీ నా విజన్ అదే” అన్నారు.

ఆ సాయంత్రం వార్తల్లో ఆయన త్యాగాన్ని రెండుసార్లు చూపించారు. పక్క ఊరి మేయరు ఫోన్ చేసి అభినందించాడు. కారు ప్లగ్గులోనే ఉండిపోయింది. హాల్యా రోజూ కారు పక్కన తిండి పెట్టి, పనిలో పనిగా బానెట్ కింద కాసింత గోధుమగడ్డి సర్దుతోంది. అగాథా గారే గడ్డి తెచ్చిస్తోంది. కుబాసా రెండో చెవి భద్రంగా ఉంది.

వారం తిరక్కుండా గాజు భవనం కూడా ప్రజలకు ఉపయోగపడటం మొదలైంది. ఒక ఉదయం హైవే వైపు బస్సు కోసం మేయర్ గారు అందులో నిలబడి కాళ్లు నేలకేసి కొట్టుకుంటున్నారు. అగాథా గారు మంచు దులుపుకుంటూ లోపలికొచ్చి బెంచీమీద కూర్చుంది. కాసేపు చేతులు రుద్దుకుంది.

“ఏరా వెర్నన్, లోపల కూడా ఇంత చలేంట్రా? వెచ్చగా ఉంటుందన్నావు?”

మేయర్ గారు మఫ్లర్లోంచి ముక్కు బయటపెట్టి ఇత్తడి ఫలకం వైపు చూపించారు.

“రాసుంది కదా, టీచర్.”